కాగితాల్లో సైకిలు, వీధిలో స్కూటరు: ఒడిశా సరిహద్దు పట్టణాల్లో బ్యాటరీ బండి భద్రత

సంక్షిప్తంగా: ఒడిశా సరిహద్దులోని తెలుగు ఇళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ మాట వస్తే ముందుగా వినిపించేది బ్యాటరీ పేలుతుందన్న భయం. ఆ భయం నిరాధారం కాదు. అయితే రోజూ ఎదురయ్యే ముప్పు, బండి ఏ తరగతికి చెందుతుందన్న దగ్గర మొదలవుతుంది. గంటకు 25 కిలోమీటర్ల లోపు నడిచే బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అదే బండి చిన్న మార్పుతో 40, 45 కిలోమీటర్లు అందుకుంటే లైసెన్సు, బీమా, హెల్మెట్ ఏవీ లేకుండానే స్కూటరుగా మారిపోతుంది. ఈ తేడా ఎలా ఏర్పడింది, వీధిలోనూ ఘాట్ రోడ్డు మీదా ఇంటి గుమ్మంలోనూ దాని ఫలితం ఏమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## ఏ స్కూటరు గురించి ఈ చర్చ

ఎలక్ట్రిక్ స్కూటర్లను ప్యారిస్ నగరం నిషేధించిందన్న వార్త ఫోన్లలో తిరిగినప్పుడల్లా బరంపురంలోనో పర్లాకిమిడిలోనో బండి కొనబోయే కుటుంబం ఒకసారి వెనకాడుతుంది. వార్త నిజమే కాని అందులోని వాహనం వేరు. 2023 ఏప్రిల్ 2న ప్యారిస్‌లో జరిగిన ఓటింగులో పాల్గొన్నవారిలో దాదాపు 90 శాతం మంది అద్దె స్కూటర్లు వద్దన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటికి అవి వీధుల్లోంచి వెళ్లిపోయాయి. పలక మీద నిలబడి, ముందున్న నిలువు కడ్డీని పట్టుకుని నడిపే చిన్న చక్రాల బండ్లవి. ఇక్కడ జనం స్కూటీ అని, బ్యాటరీ బండి అని పిలిచేది సీటు మీద కూర్చుని నడిపే స్కూటర్‌ను. రెండింటికీ పేరు ఒకటే కావడంతో ఒకదాని మీద వచ్చిన నిర్ణయాన్ని రెండోదానికి అంటగట్టడం జరుగుతోంది.

సీటున్న స్కూటర్లలోనూ రెండు తరగతులు ఉన్నాయి. అసలు గందరగోళం అక్కడిది. ఒక తరగతి బండికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆకుపచ్చ నంబరు పలక మీద తెల్లని అక్షరాలు ఉంటాయి, నడిపేవారికి లైసెన్సు కావాలి, బీమా తప్పదు. రెండో తరగతి బండికి నంబరు పలకే ఉండదు. దుకాణంలో రెండూ పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. రంగు, సీటు, ముందు లైటు, కాళ్లు పెట్టుకునే పలక దాదాపు ఒకే తీరుగా కనిపిస్తాయి. ధరలో మాత్రం పెద్ద తేడా ఉంటుంది.

## 250 వాట్ల గీత

ఈ విభజనకు ఆధారం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 2వ నియమం. బ్యాటరీతో నడిచే బండి మోటారు శక్తి, 30 నిమిషాల పరీక్షలో కొలిచినప్పుడు, 250 వాట్ల లోపు ఉండి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆ సంగతిని ధ్రువీకరిస్తే, ఆ బండి మోటారు వాహనం కిందికి రాదు. సైకిలును పోలిన నెమ్మది బండికి స్కూటరుకు వేసిన బరువంతా వేయకూడదన్నది ఈ మినహాయింపు వెనుక ఉన్న ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. చేనేత పనివారు, చిన్న దుకాణదారులు, మోకాళ్ల నొప్పితో సైకిలు తొక్కలేని పెద్దవారు తక్కువ ఖర్చుతో ఊరిలో తిరగడానికి ఇలాంటి బండి ఎంతో ఆసరా.

మోటారు వాహనం కాదని తేల్చిన క్షణం నుంచి మాత్రం చట్టంలోని అనేక రక్షణలు ఒక్కసారిగా తొలగిపోతాయి. రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెప్పే హెల్మెట్ నిబంధన మోటారు సైకిళ్లకు సంబంధించినది కనుక దీనికి తాకదు. మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమా తప్పనిసరి కాదు. వయసు పరిమితి కూడా లైసెన్సుతో ముడిపడినదే. పదహారేళ్ల లోపు వారికి ఏ మోటారు బండికీ లైసెన్సు రాదు. లైసెన్సే అక్కరలేని బండికి ఆ అడ్డు లేదు. ట్యూషన్‌కు వెళ్లే పదమూడేళ్ల పిల్లకో పిల్లవాడికో తల్లిదండ్రులు ఈ బండి కొనిపెట్టడానికి ప్రధాన కారణం ఇదే. పిల్లల క్షేమం కోరి, పెట్రోలు బండి ఇవ్వడం తప్పని తెలిసి, చట్టం అనుమతించినదే కదా అన్న నమ్మకంతో వారు చేసే పని అది. కాబట్టి వారిని నిందించడం కంటే ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతింటుందో చెప్పడం అవసరం.

హెల్మెట్ విషయంలో చట్టానికీ శరీరానికీ మధ్య ఉన్న తేడా మరింత స్పష్టం. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి తల నేరుగా నేలకు తగిలితే, ఆ క్షణంలో దాని వేగం గంటకు 19, 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇది భూమి ఆకర్షణ ఇచ్చే వేగమే. బండి కదలకుండా నిలబడి ఉండగా పక్కకు ఒరిగిపోయినా తలకు తగిలే దెబ్బ ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉంటుంది. 25 కిలోమీటర్ల బండికి హెల్మెట్ దేనికన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ పెట్టుకోని మృతులు 50,029 మంది అని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

## లాక్ తీసిన బండి

25 కిలోమీటర్ల పరిమితి చాలా బండ్లలో మోటారు అసలు సామర్థ్యం కాదు. సీటు కిందో కాళ్ల పలక కిందో ఉండే కంట్రోలర్ అనే చిన్న అల్యూమినియం పెట్టె, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసి వేగాన్ని ఆపుతుంది. కొన్న వారం తిరక్కుండానే చాలామందికి ఆ వేగం చాలదనిపిస్తుంది. ఇద్దరు ఎక్కితే రైల్వే ఫ్లైఓవరు ఎక్కడానికే బండి ఆయాసపడుతుంది, వెనుక నుంచి ఆటోలు హారన్ కొడుతుంటాయి. అప్పుడు మెకానిక్ దగ్గర 'స్పీడ్ లాక్' తీయిస్తారు. పది నిమిషాల పని, బయటికి ఏ గుర్తూ కనబడదు. బండి 40, 45 కిలోమీటర్లు అందుకుంటుంది.

వేగం పెరిగినా బ్రేకులు, టైర్లు, చట్రం పాతవే. రోడ్డు మీద కుక్క అడ్డం వచ్చినప్పుడు బ్రేకు మీద చెయ్యి పడడానికి ఒక సెకను పడుతుందని, బ్రేకులు మంచి స్థితిలో ఉండి పొడి రోడ్డు మీద ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 5 మీటర్ల మేర తగ్గిస్తాయని అనుకుంటే, 25 కిలోమీటర్ల వేగంలో బండి మొత్తం 12 మీటర్లలో ఆగుతుంది. 45 కిలోమీటర్ల వేగంలో 28 మీటర్లు కావాలి. ఢీకొంటే విడుదలయ్యే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది మూడు రెట్లు దాటుతుంది. తక్కువ వేగానికి అమర్చిన చిన్న డ్రమ్ము బ్రేకులతో, ఇద్దరు ముగ్గురు కూర్చున్న బండి 28 మీటర్లలోనూ ఆగుతుందన్న భరోసా లేదు.

చట్టపరమైన ఫలితం దీనికంటే తక్కువ తెలిసినది, బహుశా కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీసేది. లాక్ తీసిన బండి 2వ నియమంలోని షరతును దాటిపోతుంది కాబట్టి మినహాయింపు పోయి మోటారు వాహనం అవుతుంది. అంటే రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని మోటారు వాహనం, దాన్ని లైసెన్సు లేనివారు నడుపుతున్నట్టు లెక్క. కేంద్ర చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 రూపాయల వరకు, లైసెన్సు లేకపోతే 5,000, బీమా లేకపోతే 2,000 రూపాయల జరిమానా ఉంది. నడిపింది మైనరు అయితే 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షన్ సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష చెబుతోంది. సైకిలులాంటిదేనని కొనిచ్చిన బండి, ఒక తీగ మార్పుతో తండ్రిని ఈ సెక్షన్ ముందు నిలబెడుతుంది.

జరిమానా ఒకసారి కట్టి బయటపడేది. నష్టపరిహారం అలాంటిది కాదు. బీమా ఉన్న స్కూటరు ఎవరినైనా గుద్దితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని బీమా సంస్థ చెల్లిస్తుంది. బీమా లేని బండి అయితే అదంతా యజమాని సొంత ఆస్తి మీద పడుతుంది. బండి నిజంగానే 25 కిలోమీటర్ల లోపుదైతే దెబ్బ తిన్నవారి పరిస్థితి ఇంకో రకం. ట్రిబ్యునల్ పరిధి మోటారు వాహనాల ప్రమాదాలకే కాబట్టి వారు మామూలు సివిల్ కోర్టుకు వెళ్లాలి. 2025 మే 5 నుంచి అమలులోకి వచ్చిన, ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల నగదు రహిత చికిత్స పథకం కూడా మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. కూరగాయల బుట్టతో రోడ్డు దాటుతున్న ముసలామెకు తగిలింది ఏ తరగతి బండో ఆమెకు తెలియదు. తుంటి ఎముక విరగడంలో తేడా ఉండదు, చికిత్స డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న దానిలోనే తేడా.

జర్మనీ ఈ చిక్కును 2019లో వేరే విధంగా పరిష్కరించింది. అక్కడ నిలబడి నడిపే స్కూటర్లకు వేగ పరిమితి గంటకు 20 కిలోమీటర్లు. లైసెన్సు అక్కరలేదు, 14 ఏళ్లు నిండాలి, బీమా చీటీ మాత్రం బండికి అతికించి ఉండాల్సిందే. చైనాలో అదే ఏడాది అమలైన జాతీయ ప్రమాణం విద్యుత్ సైకిళ్లకు 25 కిలోమీటర్ల పరిమితి పెట్టింది, అక్కడి రోడ్డు నిబంధనలు వాటికీ నంబరు పలక కోరతాయి. నడిపేవారి మీద బరువు తగ్గించడం వేరు, ఎదుటివారికి రక్షణ తీసేయడం వేరు అని ఈ రెండు పద్ధతులూ గుర్తించాయి. మన నియమం రెండింటినీ ఒకే గాట కట్టింది. తక్కువ ప్రీమియంతో మూడో వ్యక్తి బీమాను ఈ తరగతికీ తప్పనిసరి చేయడం, చిన్న నంబరు పలక ఇవ్వడం పెద్ద భారం అనిపించుకోదు.

## చప్పుడు లేకపోవడం

బరంపురం పాత ఊరిలో పట్టు నేసే వీధులు సన్ననివి. వాకిలి దాటితే రోడ్డే, ఫుట్‌పాత్ ఉండదు. అరుగు మీద కూర్చున్నవారు, నీళ్ల బిందెతో అడ్డం వచ్చేవారు, మగ్గం దగ్గరి నుంచి లేచి బీడీ కోసం కొట్టుకు వెళ్లేవారు ఎవరూ రెండు వైపులా చూసి అడుగు వేయరు. వెనుక వచ్చే బండిని చెవితోనే కనిపెడతారు. పెట్రోలు బండి వీధి మలుపులో ఉండగానే దాని ఇంజను చప్పుడు ముందుగా వచ్చి దారి అడుగుతుంది. బ్యాటరీ బండి విషయంలో ఆ కబురు రాదు. మగ్గాల చప్పుడు మధ్య దాని సన్నని ఈల పక్కకు వచ్చాక గాని వినబడదు.

వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటితే టైర్ల రాపిడి, గాలి చప్పుడు పైకి వస్తాయి, అప్పుడు ఎలక్ట్రిక్ కారుకూ పెట్రోలు కారుకూ వినికిడిలో తేడా తగ్గిపోతుంది. ఐక్యరాజ్యసమితి నియమాల ప్రకారం ఎలక్ట్రిక్ కార్లు 20 కిలోమీటర్ల వరకు కృత్రిమ శబ్దం చేయాలన్న నిబంధన అందుకే వచ్చింది. ఐరోపాలో 2021 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ అది తప్పనిసరి. మన రవాణా శాఖ 2025 సెప్టెంబరులో ఇలాంటి ముసాయిదా తెచ్చింది. అది ప్రయాణికుల, సరుకుల వాహనాలకు ఉద్దేశించినది, ద్విచక్ర వాహనాలు అందులో లేవు. స్కూటర్ టైరు సన్ననిది, బరువు తక్కువ, కనుక 20 దాటాక కూడా దాని చప్పుడు కారంత వినబడదు. సన్న వీధుల్లో జనం మధ్య ఎక్కువగా తిరిగేది కూడా అదే. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర నాళ్లలో డప్పులు, మైకులు, వేల జనం మధ్య వీధుల్లోకి వచ్చే చప్పుడు లేని బండిని ఊహించుకుంటే ఈ లోటు అర్థమవుతుంది.

చప్పుడు లేకపోవడంలో రెండో ప్రమాదం బండి నిలిపి ఉన్నప్పుడు జరుగుతుంది. ఇంజను కొట్టుకోదు కనుక స్విచ్చు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చేతికి, చెవికి తెలియదు. పాలు పోయించుకోవడానికి గుమ్మం ముందు బండి ఆపి, తాళం తీయకుండా దిగుతారు. ముందు నిలబడిన నాలుగేళ్ల పిల్లవాడు ఆటగా యాక్సిలరేటర్ తిప్పుతాడు. ఎలక్ట్రిక్ మోటారుకు నిలబడి ఉన్న స్థితిలోనే పూర్తి తిప్పుడు బలం అందుతుంది కాబట్టి బండి మెల్లగా కదలదు, ఒక్క ఊపున ముందుకు దూకుతుంది. పేరున్న రకాల్లో సైడ్ స్టాండు వేయగానే మోటారుకు కరెంటు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. చాలా చవక బండ్లలో ఆ సెన్సర్ ఉండదు, లేదా మరమ్మతులో ఊడిపోయి ఉంటుంది. దిగే ముందు తాళం తీయడమన్న చిన్న అలవాటుకు ఈ బండి విషయంలో అంత విలువ ఉంది.

## బ్రేకులు, గుంతలు, ఘాట్ రోడ్డు

పెట్రోలు బండి నుంచి మారినవారికి మొదటి నెల తేడాగా ఉండేది యాక్సిలరేటర్ వదలగానే బండి తనంతట తాను నెమ్మదించడం. మోటారే జనరేటరులా పనిచేసి బ్యాటరీలోకి కరెంటు పంపే పద్ధతి అది. బ్రేకు రబ్బర్లు తక్కువ అరుగుతాయి, ఛార్జింగ్ కొంత కలిసివస్తుంది. అయితే బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే లోపలికి వెళ్లడానికి కరెంటుకు చోటు ఉండదు. కంట్రోలర్ ఈ బ్రేకును తగ్గించేస్తుంది లేదా ఆపేస్తుంది. మైదానంలో దీని ప్రభావం అంతగా తెలియదు. కోరాపుట్‌లో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే జయపురం వైపు ఘాట్ దిగేవారికి మాత్రం నిన్నటి దాకా అలవాటైన ఆసరా మొదటి మలుపులోనే లేకుండా పోతుంది. అప్పుడు భారమంతా చేతి బ్రేకు మీదే పడుతుంది. డ్రమ్ము బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఘాట్ పైనుంచి బయలుదేరేవారు బ్యాటరీని 80, 85 శాతం దగ్గర ఆపుకోవడం, నొక్కి వదులుతూ దిగడం ఈ కారణంగానే మేలు.

వాన రోజున వెనుక చక్రం మీద పనిచేసే ఈ బ్రేకు జారుడుకూ కారణం కావచ్చు. మట్టి, నూనె కలిసిన తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే వెనుక చక్రం ఒక్కసారిగా నిదానించి పక్కకు తప్పుకుంటుంది. చాలా బండ్లలో దీని తీవ్రతను తగ్గించుకునే అమరిక ఉంది.

పది అంగుళాల చక్రానికి గుంత లోతు, పెద్ద చక్రానికంటే ఎక్కువగా తగులుతుంది. దానికి తోడు బ్యాటరీ కాళ్ల పలక కింద ఉన్న రకాల్లో, ఊళ్ల మధ్య ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకర్లకు అడుగు రాసుకుంటుంది. బయటికి గీతలా కనిపించే ఆ దెబ్బ లోపల సెల్లు పొరను నొక్కి ఉండవచ్చు. వెంటనే ఏమీ కాదు. కొన్ని వారాల తర్వాత ఛార్జింగ్‌లో ఉండగా లోపలి షార్టుగా బయటపడవచ్చు. అడుగు గట్టిగా తగిలిన బండిని విప్పి చూపించుకోవడం ఖర్చు కాదు, ముందుజాగ్రత్త.

## వీధి గుమ్మంలో ఛార్జింగ్

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే నెలలో నిజామాబాదులో రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు మరణించారు. ఆ ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో హోటల్ కింది అంతస్తులోని ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూములో పుట్టిన మంట నుంచి పొగ మెట్ల దారిన పైకి పాకి 8 మంది ప్రాణాలు తీసింది. 2024 ఫిబ్రవరిలో చైనాలోని నాన్‌జింగ్‌లో బహుళ అంతస్తుల భవనం కింద విద్యుత్ సైకిళ్లు నిలిపిన చోట మొదలైన మంటలో 15 మంది చనిపోయారు. ఈ నాలుగింటిలోనూ బండి రోడ్డు మీద లేదు, మనుషులు ఉండే కట్టడంలో ఉంది. చివరి రెండింటిలో మంట పుట్టింది కింద, మనుషులు ఉన్నది పైన.

లిథియం అయాన్ సెల్లులో రెండు ధ్రువాల మధ్య సన్నని పొర ఉంటుంది. అతిగా ఛార్జ్ కావడం వల్లనో, దెబ్బ వల్లనో, తయారీ లోపం వల్లనో ఆ పొర దెబ్బతింటే లోపల వేడి పుడుతుంది, ఆ వేడి మరిన్ని రసాయన చర్యలను రగిలిస్తుంది, అవి మరింత వేడినిస్తాయి. ఒక సెల్లు పక్క సెల్లును అంటిస్తుంది. నికెల్, కోబాల్ట్ వాడే సెల్లు ఆ స్థితిలో ప్రాణవాయువును కూడా తానే విడుదల చేస్తుంది కనుక గోనెసంచి తడిపి కప్పినంత మాత్రాన మంట ఆరదు, చల్లబరచడానికి చాలా నీరు కావాలి. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన సెల్లులు వేడిని ఎక్కువగా తట్టుకుంటాయి. మంటకు ముందు తెల్లని పొగ, బుసకొట్టినట్టు చప్పుడు, ఘాటైన వాసన వస్తాయి. ఆ పొగ విషపూరితం. అది కనిపించిన క్షణం బండిని బయటికి లాగడానికి కాదు, మనుషులు బయటపడడానికి, మెయిన్ ఆపి 101కో 112కో ఫోన్ చేయడానికి ఉపయోగపడాలి.

గంజాం ప్రాంతపు పాత ఇళ్ల కట్టుబడి ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఇళ్లు గోడకు గోడ కలిపి, వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వీధి గుమ్మం, దాని వెనుక నడవ, తర్వాత గదులు ఒకదాని వెనుక ఒకటి, చివర పెరడు. చాలా ఇళ్లకు పెరటి వైపు దారి మూసుకుపోయి వీధి గుమ్మమే ఏకైక ద్వారంగా మిగిలింది. దొంగల భయంతో రాత్రి బండిని ఎక్కించేది ఆ నడవలోకే, మీటరు పక్కన ప్లగ్గు ఉండేదీ అక్కడే. రాత్రి పదింటికి ఛార్జింగ్ పెట్టి కుటుంబమంతా లోపలి గదుల్లో పడుకుంటే, బండికి ఏదైనా జరిగినప్పుడు అది వారికీ వీధికీ మధ్య ఉంటుంది. బ్యాటరీ విడదీయగలిగినదైతే దాన్ని పెరట్లో, నీడలో, చెక్క సామాను లేని చోట ఛార్జ్ చేయడం, వీలుకాకపోతే అందరూ మెలకువగా ఉన్న సాయంత్రం వేళకు ఛార్జింగ్ మార్చుకోవడం, ఇదే జాగ్రత్తల్లో మొదటిది. ఎండలో నడిపి తెచ్చిన బండిని వెంటనే ప్లగ్గుకు పెట్టకుండా అరగంట చల్లారనివ్వాలి.

ఛార్జర్ విషయంలో ఒక లెక్క ప్రతి మెకానిక్ షాపులోనూ గోడ మీద రాసిపెట్టదగ్గది. 60 వోల్టుల సీసపు బ్యాటరీల సెట్టు అంటే అయిదు 12 వోల్టుల బ్యాటరీలు. దాని ఛార్జర్ దాదాపు 72, 73 వోల్టుల దాకా వెళుతుంది. అదే 60 వోల్టుల పేరుతో అమ్మే, 16 సెల్లుల వరసల నికెల్ రకపు లిథియం బ్యాటరీ 67.2 వోల్టుల దగ్గర నిండిపోతుంది. సీసపు బ్యాటరీ పాడైందని తీసేసి లిథియం పెట్టించుకుని, పాత ఛార్జరే వాడితే, ఆ అయిదారు వోల్టుల తేడాను ఆపేది బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ ఒక్కటే. స్థానికంగా సెల్లులు అతికించి చేసిన బ్యాటరీలో ఆ సర్క్యూట్ ఎంత నాణ్యమైనదో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ప్లగ్గు పట్టినంత మాత్రాన ఛార్జర్ సరిపోయినట్టు కాదు.

## సరిహద్దు కలిపే చిక్కులు

గిరిసోల దాటితే ఇచ్ఛాపురం, పర్లాకిమిడి దాటితే కూతవేటు దూరంలో పాతపట్నం. 1936లో రాష్ట్రాలు వేరైనా పెళ్లిళ్లు, సంతలు, ఆసుపత్రులు వేరు కాలేదు. బండి ఒకవైపు కొని మరోవైపు నడపడం ఇక్కడ సహజం. చట్టం మాత్రం యజమాని నివాసమో వ్యాపారమో ఉన్న, బండి మామూలుగా ఉండే రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ కోరుతుంది. ఒక రాష్ట్రపు నంబరుతో మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబరు మార్పించుకోవాలి. ఈ తిరుగుడు భరించలేక కొందరు నంబరే అక్కరలేని బండి వైపు మొగ్గుతారు. నిజానికి ఒడిశా 2021 ఎలక్ట్రిక్ వాహన విధానం మోటారు వాహన పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును మినహాయించింది. ఆ విధానం అమల్లో ఉన్న కాలంలో రిజిస్ట్రేషన్ బండి అంటే ఖర్చెక్కువన్న మాట ఆ మేరకు నిలవలేదు.

సర్వీసు రెండో చిక్కు. కంపెనీ సర్వీసు కేంద్రం బరంపురంలోనో శ్రీకాకుళంలోనో ఉంటే, రాయగడ, గుణుపురం వైపు ఊళ్లలో ఉన్నవారికి దగ్గరి దిక్కు పెట్రోలు బండ్ల మెకానిక్కే. ఆయన బ్రేకులు, బేరింగులు చక్కగా చూడగలడు. బ్యాటరీ పెట్టె విప్పే పని వేరు. సెల్లుల వోల్టేజి కొలిచే సాధనం లేకుండా, రబ్బరు సీలు తిరిగి సరిగా బిగించకుండా మూసిన పెట్టెలోకి వానాకాలపు తేమ చేరుతుంది. గోపాలపురం సముద్రానికి దగ్గరగా ఉన్న బరంపురంలో ఉప్పు గాలి వల్ల కనెక్టర్లకు చిలుము పట్టే వేగం కూడా ఎక్కువ. చిలుము పట్టిన కనెక్టర్ దగ్గర నిరోధం పెరిగి వేడి పుడుతుంది. ప్లగ్గు ముట్టుకుంటే కాలుతోందన్న ఫిర్యాదును కొత్తలో అలాగే ఉంటుందిలే అని వదిలేయకూడదు.

మూడోది భాష. ఛార్జర్ మీది హెచ్చరికలు, బండితో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. ఇంట్లో చదువు తెలుగుదో ఒడియాదో. ఛార్జర్ మీద గుడ్డ కప్పవద్దు, వేరే ఛార్జర్ వాడవద్దు, నీట మునిగితే ఛార్జ్ చేయవద్దు అన్న మూడు మాటలు కొనుగోలు రోజున దుకాణదారు నోటితో చెప్పకపోతే ఆ ఇంటికి ఎప్పటికీ చేరవు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతం ఇది. నీట మునిగిన బండి ఎండలో ఆరినట్టు కనిపించినా ఛార్జింగ్ పెట్టే ముందు పరీక్ష చేయించాలన్న మాట ఇక్కడ మరీ అవసరం.

## చేతులు మారుతున్న పాత బండ్లు

2022 నాటి మంటల తర్వాత కేంద్రం బ్యాటరీ ప్రమాణమైన ఏఐఎస్ 156ను గట్టి చేసింది. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమలైంది. బ్యాటరీ పెట్టె ఒక మీటరు నీటిలో అరగంట ఉన్నా తడి లోపలికి చేరకుండా ఉండాలి, ఒక సెల్లు వేడెక్కితే మొత్తం అంటుకోకుండా ఉండేలా పరీక్ష నెగ్గాలి, ముందే హెచ్చరిక రావాలి. రిజిస్ట్రేషన్ తరగతి కొత్త బండ్ల భద్రత ఈ మార్పుతో మెరుగుపడింది.

అంతకు ముందు అమ్ముడైన బండ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెద్ద నగరాల్లో మూడు నాలుగేళ్లు నడిచి, వారంటీ అయిపోయి, బ్యాటరీ సత్తువ తగ్గిన తర్వాత అవి తక్కువ ధరకు చిన్న పట్టణాలకు వస్తాయి. మరోవైపు కేంద్ర సబ్సిడీ 2021లో బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవరుకు 15,000 రూపాయలు ఉండగా, 2023 జూన్‌లో 10,000కు, 2024లో 5,000కు దిగింది. కొత్త మంచి బండి ధర అందనివారికి మిగిలేవి నంబరు లేని చవక బండి, లేదా ఈ పాత బండి. రానున్న రెండు మూడేళ్లలో సరిహద్దు జిల్లాల్లో ప్రమాదం ఎక్కువగా పోగుపడేది ఈ రెండింటి చుట్టూనే.

పాత బండి కొనేవారు చూడాల్సింది అద్దం లాంటి రంగును కాదు. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలో ఉంటాయి. అవి 2023 మార్చి 31కి ముందువా, తర్వాతవా అన్నది మొదటి ప్రశ్న. బ్యాటరీ పెట్టె మరలు ఎవరైనా విప్పిన గుర్తులున్నాయా, ఛార్జర్ మీద రాసిన వోల్టులు బ్యాటరీ మీద రాసినవాటికి సరిపోతున్నాయా, అడుగున దెబ్బ ఉందా అన్నవి తర్వాతివి. టార్చి లైటు ఉంటే బేరం మొదలుపెట్టే ముందే, ఐదు నిమిషాల్లో ఇవన్నీ చూడవచ్చు.